సందు నీడ

"ఎండ మాడ్చేస్తోంది. ఆ సందులో నీడకి పోనివ్వమ్మా, సంతకం పెట్టేస్తాను," అన్నాడు లైసెన్సులిచ్చే ఆఫీసరు. పరీక్షకొచ్చిన అమ్మాయి కారును నేరుగా ఇరుకు సందులోకి పోనిచ్చి, చివర అడ్డుగోడ ముందు ఆపింది.

సంతకం సగమయ్యేసరికి ఇంకో కారు వచ్చి వెనకాలే ఆనుకున్నట్టు ఆగింది. ఆఫీసరు దిగబోయాడు. తలుపు బెత్తెడు తెరుచుకుని గోడకి తగిలింది. అమ్మాయి వైపూ అంతే.

ఆయన కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏమయ్యా, వెనక్కి తియ్యి."

వెనక కారులోంచి ఓ కుర్రాడు తొంగిచూశాడు. "నాకు రివర్సు రాదు సార్. ముందుకైతే పోనిస్తాను."

"ముందు మేమున్నాం కదయ్యా. రివర్సు రానివాడికి లైసెన్సు ఏ మహానుభావుడిచ్చాడు?"

"మీరే సార్. పోయిన నెల, ఈ సందులోనే."

వెనక ఇంజను గుర్రుమంది.

"పోనీ, ప్రయత్నించి చూడనా సార్?"

"వద్దు నాయనా, వద్దు. ఇంజను ఆపెయ్యి."

ఆయన తల లోపలికి లాక్కుని, మెడ మీద చెమట తుడుచుకున్నాడు. "నీకైనా రివర్సు వచ్చా తల్లీ?"

ఆ అమ్మాయి స్టీరింగు వదలకుండానే తల దించుకుంది.

"మీరు అది అడగరని అందరూ చెప్పారు సార్."