కింది ఇంటి కర్ర

ఠక్!

బోరమ్ వేళ్ళు పియానో మీదే ఆగిపోయాయి. కింది ఇంటి ముసలావిడ మళ్ళీ కర్రతో సీలింగ్‌ని పొడిచింది.

"ఇబ్బందైతే వాచ్‌మన్‌కి చెప్పాలి. అందరూ చేసేది అదేగా? ఈ పొడవడమేంటమ్మా?"

"నెల్లో నీకు సంగీత కాలేజీ పరీక్ష. ఆవిడతో నీకెందుకే, వాయించుకో," అంది తల్లి.

వాయించింది. ఠక్!

బోరమ్‌కి ఒళ్ళు మండింది. ముసలావిడ అన్నం తినే వేళ చూసి మరీ పియానోని గట్టిగా బాదింది. ఓసారి లిఫ్టులో ఆవిడ ఎదురుపడితే పలకరింపుగా తల కూడా వంచలేదు. ఆ సాయంత్రమే ఇయర్‌ప్లగ్స్ ప్యాకెట్ కొని, 'వాడుకోండి' అని చీటీ రాసి, 'యు గుమ్‌సున్' అని పేరున్న ఆవిడ తలుపుకి తగిలించి వచ్చింది.

మర్నాడూ ఠక్!

అప్పుడు కనిపెట్టింది. దెబ్బ ఊరికే పడటం లేదు. స్వరం మారాక కూడా, మోతని సాగదీసే పెడల్ మీంచి కాలు తియ్యకపోతే ఒక దెబ్బ. వేళ్ళు ఒక స్వరాన్ని ఇంకోదాని మీదికి ఈడిస్తే రెండు.

"నీకు సందు దొరికితేగా! చూస్తా," అంది నేలకేసి చూస్తూ.

పెడల్ జోలికి పోకుండా వారం రోజులు ఒట్టి వేళ్ళతోనే వాయించింది. ఏ స్వరం ఎక్కడ ఆగుతోందో చెవులు రిక్కించి వింది. తర్వాత కాలు పెట్టింది. చెవి చెప్పినప్పుడే ఎత్తింది. దెబ్బలు తగ్గుతూ తగ్గుతూ ఒక్కటి మిగిలింది. స్వరాల కాగితంలో ఇరవై నాలుగో గడి దగ్గర ఆ ఒక్కటీ మూడు రోజులు ప్రాణం తీసింది.

"నీ కాలు ఇప్పుడు చెవి మాట వింటోంది. ఎవరు నేర్పారు?" అన్నాడు ట్యూషన్ మాస్టారు గ్వాక్.

"ఎవరూ నేర్పలేదు సార్. కింది ఇంటి ముసలిదాని మీద కసి!"

పరీక్ష ముందు రోజు మధ్యాహ్నం మొదటి నుంచి చివరిదాకా వాయించింది.

ఒక్క దెబ్బ లేదు.

"ఆ కర్రని మూల పెట్టించానమ్మా!" అని గంతేసింది.

సీటొచ్చింది. ఆ కాగితం ముసలావిడ ముఖం ముందు ఆడించాలని కిందికి దిగింది. తలుపు బార్లా తెరిచి ఉంది. ఒకాయన అట్టపెట్టెలు కడుతున్నాడు.

"ఆవిడ లేరా?"

"మా పిన్ని పోయిందమ్మా. పోయిన నెల పదకొండు, తెల్లారుజామున నిద్రలోనే."

పన్నెండున పరీక్ష. బోరమ్ చేతిలో కాగితం కిందికి వాలింది.

"పక్షవాతం వచ్చి మాట పోయింది. ఏం చెప్పినా కర్రతోనే చెప్పేది. పై ఇంటి అమ్మాయివి నువ్వేనా? ఇది నీకే."

చిన్న నోట్‌బుక్. దానికి రబ్బరు బ్యాండుతో చుట్టి, విప్పని ఇయర్‌ప్లగ్స్ ప్యాకెట్.

చిన్నప్పుడు పియానో స్కూల్లో అందరికీ ఇచ్చే పుస్తకమే. ఒకసారి సరిగ్గా వాయిస్తే ఒక సున్నా నింపాలి. రోజుకి పది సున్నాలు. కొన్ని నిండాయి, చాలా ఖాళీ. ఆఖరి పేజీలో వంకర అక్షరాలు: 'ఇరవై నాలుగో గడిలో కాలు ఇంకా ఆలస్యం. రేపు మళ్ళీ.' దాని కింద పదీ ఖాళీయే.

బోరమ్ పుస్తకం మూసింది. అట్ట మీద విద్యార్థి అన్నచోట 'పై ఇంటి అమ్మాయి' అనీ, టీచర్ అన్నచోట 'యు గుమ్‌సున్' అనీ రాసి ఉంది.