ముక్కు మేడం

"ఫ్యాన్లు వేయొద్దు!" స్విచ్‌బోర్డుకు అడ్డంగా నిలబడింది ముక్కు మేడం.

పండ్ల కోల్డ్ స్టోరేజీలో భద్రత చూసే ఉద్యోగం ఆమెది. చల్లదనానికి వాడే అమ్మోనియా గ్యాసు ఎక్కడ కారినా అందరికన్నా ముందు పసిగడుతుందని ప్యాకింగ్ ఆడవాళ్ళు పెట్టిన పేరది. ఆ ఆడవాళ్ళలో ఆమె తల్లి కూడా ఉంది. భోజనాలు ముగించుకుని అందరూ అప్పుడే వచ్చి బల్లల దగ్గర కూర్చుంటున్నారు.

"మళ్ళీ మొదలెట్టావా?" మేనేజరు విసుక్కున్నాడు. "పోయిన నెల సైరన్ మోగించావు. ఏమీ లేదని తేలింది. ఈసారీ అంతే అయితే నీ ఉద్యోగం ఊడినట్టే."

"ఊడనీండి సార్. పక్కన మిషన్ల గదిలో అమ్మోనియా కారుతోంది. తలుపు అద్దంలోంచి చూశాను. లోపల వేలాడదీసిన తడి లిట్మస్ కాగితం ఎర్రగా ఉండాల్సింది, నీలమైపోయింది."

"మరి ఇదేంటి?" గుమ్మం దగ్గర తాను పెట్టించిన గాజు జాడీ చూపించాడు. నీళ్ళ అడుగున అలాంటి కాగితమే. ఎర్రగానే ఉంది.

"గ్యాసు గాలిలో పాకే దానికన్నా నీళ్ళలో పదివేల రెట్లు నెమ్మది సార్. జానెడు నీళ్ళు దిగడానికే నెలలు పడుతుంది. మీ జాడీ నిజం చెప్పే నాటికి వినడానికి మనం మిగలం."

ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు ముఖం కందగడ్డయింది. గట్టిగా గాలి పీల్చాడు.

"నాకు ఏ వాసనా రావట్లేదే! ఊళ్ళో నీ ఒక్కదానికే ఉందా ముక్కు?"

"వాసన వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. ఇప్పుడు గాలి కదలట్లేదు. దానంతటది ఇక్కడికి పాకి రావాలంటే గంటలు పడుతుంది, లెక్క వేశాను. కానీ ఈ ఫ్యాన్లు ఆ గది గాలినే లాగుతాయి. వేశారంటే క్షణాల్లో బల్లల మీదుంటుంది."

"తప్పుకో!"

"తప్పుకోను."

చెయ్యి వెనక్కి పెట్టి సైరన్ నొక్కేసింది.

అందరూ బయటికి పరుగెత్తారు. మెకానిక్ మాస్కు తగిలించుకుని లోపలికెళ్ళి, కారుతున్న వాల్వు బిగించి వచ్చాడు.

"మాస్కు లేకపోతే అక్కడే పడిపోయేవాణ్ణి సార్," అన్నాడు.



ఆడవాళ్ళు ఆమెను చుట్టుముట్టారు. "ఏం ముక్కే తల్లీ నీది! గోడవతల వాసన కూడా పట్టేశావు." తల్లి వైపు తిరిగారు. "ఏం తిని కన్నావమ్మా దీన్ని?"

తల్లి నవ్వి ఊరుకుంది.

చిన్నప్పుడు వచ్చిన జ్వరం పోతూ పోతూ కూతురి ముక్కుకు వాసనన్నదే తెలియకుండా చేసి పోయిందని, ఆ గుంపులో ఆమెకొక్కదానికే తెలుసు.