లెక్కకు రాని నాలుగడుగులు

“జర మళ్ల కొలిచి సూడు బిడ్డా.”

సౌజన్య టేపు మళ్లీ పట్టింది. టౌన్ హాలు పొడవు బయట అరవై రెండు అడుగులు. లోపలి గదులు, గోడల మందం కలిపితే యాభై ఎనిమిదే. రేపు కూల్చబోయే హాలుకు నక్షా గీయడానికొచ్చిన ఇంజనీరుకు ఇదో తలనొప్పి.

“నాలుగడుగులు తక్కువొస్తున్నయి తాతా.”

ముసలి బాబామియా కమాను కింద చతికిలబడ్డాడు. “మా అబ్బ ఆడనే ఉన్నడు.”

ఆమె చేతిలోని టేపు సర్రున చుట్టుకుపోయింది.

డెబ్బై ఏళ్ల కింద ఈ హాలు కట్టిన మేస్త్రి అతని తండ్రే. పని చివర్లో ఒక కమాను కూలి ఇద్దరు కూలీలు చనిపోయారు. జనం కర్రలతో వచ్చేసరికి మేస్త్రి లేడు. ఊరి నోటికి మూత ఉండదు కదా, పారిపోయాడన్నారు.

“పారిపోలే. సంపి గోడల పెట్టిన్రు. గోడకు పూసిన గీ గిలాబు సూడు, ఎంత ఎగుడుదిగుడో. మేస్త్రి చెయ్యి గాదు. చిన్నప్పుడు గోడల దగ్గు ఇనొస్తుందని ఎవ్వలు ఇటు రాకపోయేటోళ్లు.”

“మరి మీ అమ్మ?”

“అబ్బ దగ్గర సున్నం కలిపేది. ఆయన పోయినంక మతి తప్పింది. రోజూ గీ గోడ గూట్లె రెండు రొట్టెలు పెట్టిపోయేది. పిల్లులు తింటున్నయనుకునేటోళ్లం. మూడేండ్లు గట్లనే! ఒకనాడు బంద్ చేసి గాజులు తీసేసింది. మొగడు గప్పుడే సచ్చినట్టు నాలుగు నెల్ల పదొద్దులు గడప దాటలే. ఊరంత నవ్వింది. నేను గూడ సిగ్గుపడి ఆమెతోని సక్కగ మాట్లాడలే.” అతను గోడను తడిమాడు. “రేపు ఎముకలను గూడ మట్టిల కలిపి ఎత్తిపోస్తరు. అమ్మీ పక్కన ఖబర్ల పెట్టుకుంట బిడ్డా.”

సౌజన్యకు జాలేసింది. కూలీ హీర్యాను పిలిచింది. నాలుగు గడ్డపార పోట్లకు గూటి పక్కన గోడ విచ్చింది. సెల్‌ఫోన్ వెలుగులో ఎముకలు కనిపించాయి. వాటి పక్కన సత్తు గ్లాసు, తాపీ ఉన్నాయి.

“అబ్బా!” బాబామియా భోరుమన్నాడు. “నే చెప్పలే? సంపి గోడ కట్టిన్రు!”

సౌజన్య కన్నంలోకి తల పెట్టి, వెలుగును విరిగిన గోడ మీదికి తిప్పింది. గూటి వెనక రొట్టె పట్టేంత సందు ఉంది.

లోపలి వైపు గిలాబు అద్దంలా నున్నగా ఉంది.