పచ్చలైటు

ధ్యానం చేస్తే గుండెజబ్బులూ రావు, యాక్సిడెంట్లూ కావని, డ్రైవరు మనసు కుదుటపడితేనే కదిలే బండ్లు తప్ప ఇంకేవీ లేకుండా సర్కారు చేసిన రోజులవి. పాము కరిచిన కూతురితో భార్య స్వరూప ఆటో ఎక్కగానే సమ్మయ్య హ్యాండిల్ పట్టుకున్నాడు. హ్యాండిల్ మీది ఎర్రలైటు ఆరలేదు.

“పిల్ల మొకం సూడకు! కండ్లు మూస్కొని ఊపిరి లెక్కవెట్టు,” వెనక నుంచి అరిచింది స్వరూప.

లెక్కపెట్టాడు. ఇరవయ్యో ఊపిరికి బిడ్డ అతని మనసులోంచి జారిపోయింది. పచ్చలైటు వెలిగింది. కళ్ళు తెరిచి బండి పోనిచ్చాడు. మిర్చి కల్లాలు దాటారు.

“బాపూ...” అని మూలిగింది పిల్ల.

సమ్మయ్య గుండె గుభేలుమంది. బండి ఆగిపోయింది.

అతను మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. పిల్ల మళ్ళీ పిలవబోయింది. స్వరూప అరచేత్తో బిడ్డ నోరు మూసింది.