హడావిడి లేని ఇల్లు

“అంకుల్, ఇంట్లో గడియారమే లేదు కదా, సరిగ్గా ఐదింటికి ఎలా లేస్తారు?”

“మెలకువ వచ్చేస్తుందమ్మా. ఒకసారి అలవాటైతే ఇక పోదు” అన్నాడు ఆయన, బెండ మొక్కల మొదట్లో మట్టి ఎగదోస్తూ.

అడిగిన అమ్మాయిది పట్నం. రోజుకు పది గంటలు కంప్యూటర్ ముందు కూర్చుని, మిగిలిన టైములో జనాన్ని నిదానంగా బతకమని వీడియోల్లో చెబుతుంటుంది. అడవి మధ్యలో ఇల్లు కట్టుకుని, పండించుకున్నదే తింటున్న మొగుడూ పెళ్లాల గురించి ఎవరో చెప్పారట. జీపేసుకుని తెల్లారకముందే వాలిపోయింది. నిదానం కోసం ఆ అమ్మాయి పడుతున్న హడావిడి చూసి కోళ్లు బెదిరిపోయాయి.

చూసినవన్నీ వీడియోల అమ్మాయికి ముద్దొచ్చాయి. ఆయన స్నానానికి లెక్కగా ఎనిమిది చెంబుల నీళ్లే వాడితే “ఎంత పొదుపో” అంది. తనకున్న ఒక్క సత్తు పళ్లెం తనే తోముకుని బోర్లిస్తే “ఆడంబరమే లేదు” అంది. పొద్దున పదిన్నరకు ఒకపూట, సాయంత్రం ఐదింటికి ఒకపూట తింటాడని విని “డాక్టర్లు చెప్పేది కూడా ఇదే” అంది. ఇంటి వెనక ఆయన స్వయంగా కట్టుకున్న గది ఉంది. ఒక మనిషి పడుకుంటే నిండిపోతుంది. దాని కిటికీ చెయ్యి అందనంత ఎత్తున ఉంది. “అడవి కదా, జంతువుల భయం” అని కారణం కూడా తనే చెప్పేసుకుంది.

మేకను విప్పాలన్నా, వాగు దాకా వెళ్లాలన్నా ఆయన భార్యను “వెళ్లనా?” అని అడుగుతాడు. ఆమె సరేనంటేనే కదులుతాడు.

“మొగుడంటే ఇలా ఉండాలి ఆంటీ! నేను చేసుకోబోయేవాడికి ఈ వీడియో పదిసార్లు చూపిస్తాను.”

ఆంటీ నవ్వలేదు. గుమ్మం పక్కన సంచి సర్ది పెట్టుకుని పొద్దుటి నుంచీ సూర్యుడి వంకే చూస్తోంది. కూతురికి ఆడపిల్ల పుట్టి ముప్ఫై నాలుగు రోజులైంది. “నాన్న వచ్చి ఎత్తుకుంటేగానీ పాపకి పేరు పెట్టను” అని కూతురు మొండికేసింది. ఆయనేమో రేపు, ఎల్లుండి అంటూ జరుపుకొస్తున్నాడు. ఇవాళ ఈ జీపులో ఎలాగైనా ఆయన్ని తీసుకెళ్లిపోవాలని ఆమె పంతం పట్టింది.

“తోటపని ఎక్కడ నేర్చుకున్నారు అంకుల్?”

“నేర్పించారమ్మా. అక్కడ పెద్ద తోట ఉండేది. మా వంకాయలు చూసి పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా మెచ్చుకునేవాళ్లు.”

“ఓ, గవర్నమెంటా?”

“గవర్నమెంటే” అని ఆంటీ గబుక్కున అందుకుంది. “టీ చల్లారిపోతోంది, తాగమ్మా.”

ఐదింటికి ఆయన తిని, పళ్లెం తోముకుని, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఆంటీకి ప్రాణం లేచొచ్చింది. సంచి జీపులో పడేసి, తలుపు తీసి ఆయన్ని ఎక్కించి, పక్కనే కూర్చుంది.

“ఎన్నింటికి చేరతాం?” అన్నాడు ఆయన.

“ఎనిమిదింటికల్లా చేరిపోతాం” అంది ఆంటీ.

“నేనెక్కడ పడుకోవాలి?”

“మేడ మీద పెద్ద గది ఇచ్చింది మీ కూతురు. మూడు కిటికీలట. తలుపులు బార్లా తీసుకుని పడుకోవచ్చట, అంత గాలి.”

“మూడు కిటికీలా?”

అమ్మాయి తాళంచెవి తిప్పింది. ఎండ చెట్ల కొసలకు ఎక్కేసింది. ఇస్త్రీ చొక్కా వీపంతా తడిసిపోయింది.

“ఆరు కావస్తోంది” అన్నాడు. “దిగనా?”

ఆమె సంచి ఒళ్లోకి లాక్కుని, సర్దుకుని కూర్చుంది.

“దిగనా?” అని మళ్లీ అడిగాడు. వద్దంటే ఆగిపోతాడని ఆమెకు తెలుసు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అనలేకపోయింది. కిందికి దిగి ఆయనకు దారిచ్చింది.

“రేపు తప్పకుండా వెళ్దాం” అన్నాడు ఆయన దిగుతూనే.

“రేపు, రేపు! ఆ పసిగుడ్డుని అప్పటిదాకా ఏమని పిలుచుకోవాలి? నేను మాత్రం మనిషిని కాదా? నాకు చూడాలని ఉండదా?” ఆమెకు కోపం, ఏడుపు ఒక్కసారే ముంచుకొచ్చాయి.

ఆయన తలొంచుకున్నాడు. “నువ్వెళ్లు. ఒక్క రాత్రే కదా, నేనుంటాను.”

“ఎలా ఉంటారు? ఇక్కడ ఎవరున్నారని? మీకు…” అంటూనే అమ్మాయి వంక చూసి, మిగతా మాట మింగేసింది. సంచి దించేసుకుంది.

వీడియోల అమ్మాయి కళ్లు చెమ్మగిల్లాయి. “ఒక్క రాత్రి కూడా ఒకరినొకరు వదిలి ఉండలేరన్నమాట! అయినా ఇంత ప్రశాంతత వదిలి ఎవరు మాత్రం రాగలరు లెండి. మిమ్మల్ని చూస్తుంటే నాకు కుళ్లుగా ఉంది ఆంటీ.”

“వెళ్లిరా అమ్మా. చీకటి పడేలోపు రోడ్డెక్కు” అంది ఆంటీ.

జీపు వెళ్లిపోయింది. ఆమె సంచిలోంచి తను కుట్టిన బుల్లి బుల్లి గౌన్లు ఒక్కొక్కటే తీసి మళ్లీ పెట్టెలో సర్దింది. ఇంతలో వెనక గదిలోంచి “పడుకున్నాను” అని ఆయన కేకేశాడు. ఆమె కళ్లు తుడుచుకుని లేచింది.

పద్నాలుగేళ్లు జైల్లో ఉండి వచ్చిన మనిషికి ఆ చప్పుడు వినబడితేగానీ కన్ను మూతపడదని, రోజూలాగే ఆ గది తలుపు మూసి, బయటినుంచి తాళం వేసింది.