లాగేకొద్దీ బిగిసే ముడి

రాసుకో, రైటరు బాబూ. నా మనవరాలితో కాలినడకన ఊళ్లు చూడ్డానికి వెళ్లిన స్నేహితురాలి మీదే నా ఫిర్యాదు.

ముసురు వదలకపోయినా ఇద్దరూ సముద్రం ఒడ్డునే రోజుల తరబడి నడిచారట. ఏరు సముద్రంలో కలిసేచోట దాటదామని నడుములకు ఒకే తాడు కట్టుకుని దిగితే, ఈ పిల్లొక్కతే ఒడ్డెక్కింది.

“వరద ఇద్దర్నీ లాక్కుపోతుంటే దాని నడుం దగ్గర ముడి జారిపోయింది మామ్మా!” అంటోంది.

జారడానికి అదేమన్నా జడ రిబ్బనా? వలలు అల్లేదాన్ని, నేను నేర్పిన ముడి. లాగేకొద్దీ బిగుస్తుంది. కొస పట్టి విప్పాల్సిందే. ఎవరు విప్పారో తేల్చండి!

ఏం, కలం ఆపావు? కొస ఎక్కడుంటుందనా? ఇదిగో, ఇక్కడ, కట్టుకున్న మనిషి నడుం దగ్గరే...

ఆ కాగితం చింపెయ్యి, బాబూ. ఆ పిల్లను ఇంటికి పంపించు. నా మనవరాలు బతికించుకున్న పిల్ల అది.