నారింజ తొక్క టీ

రండి రండి, దగ్గరికి జరగండి. ఆ మూల మాటలు కాస్త ఆపండి. ఇది సిగ్గరి కథ, గోలగా ఉంటే బయటికి రాదు. చేతిలో టీ చల్లారితే మళ్లీ కాచుకోవచ్చు, కథ చల్లారితే కాయలేం.

బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేట బజారులో శశికుమార్ టీ అంగడి పెట్టాడు.

మామూలు టీ కాదు. అల్లం, పుదీనా, గులాబీ, మామిడి... ఆ అంగట్లో లేని వాసన కిరసనాయిలు ఒక్కటే.

ఎవరూ తాగలేదు. ఈగలు కూడా పక్క అంగడికే పోయేవి.

నెలాఖరు దాకా చూసి షట్టరు దించేస్తానని శశికుమార్ ఇంట్లో చెప్పేశాడు.

అప్పుడొచ్చాడు ఒక పెద్దాయన. నెరిసిన మీసం, భుజం మీద తువ్వాలు.

"ఏమేం టీలుండాయప్పా?"

"నువ్వు ఏదంటే అదుండాది, పెద్దాయనా."

"అయితే అన్నీ తాగుతా. దినానికొకటి ఇయ్యి."

అల్లం టీ ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. శశికుమార్ టీ గిన్నె పట్టుకునే ముందుకు వంగాడు.

"ఎట్లుండాది?"

"గని బోనులో దిగినట్టుండాదప్పా! మనిషి కిందికి పోయినాడు, కడుపు పైనే నిలబడిపాయ."

బయట తన ఆటోకు ఆనుకుని నిలబడ్డ సొన్నప్ప పకపకా నవ్వాడు. "నాకూ ఒకటియ్యి శశీ. నా కడుపు యాడ నిలబడతాదో చూస్తా."

మరునాడు పుదీనా టీ.

"నోట్లో ఎవరో కిటికీ తెరిచినట్టుండాది."

ఆ రోజు బజారులో సగం మంది నోళ్లు తెరుచుకునే తిరిగారు.

ఆ తర్వాత గులాబీ టీ.

"ఊరేగింపులో పెండ్లికూతురి పక్కన కూర్చున్నట్టుండాది. పెండ్లికొడుకు మాత్రం మనం కాదు."

ఇంక జనం ఆగలేదు. పెద్దాయన ఏమంటాడో విందామని బెంగళూరు రైలు కూడా వదులుకుని నిలబడేవారు. మనుషులు లేక విసుగొచ్చి ఆ రైలే ఓ రోజు బజారు దాకా వచ్చి చూసిపోయిందంటారు.

శశికుమార్ ఇదంతా తన చేతి మహిమే అనుకున్నాడు. కాచడం, పొయ్యడం. తానొక గుక్క తాగి చూసే తీరికే లేదు.

ఒకరోజు కొత్త రకం పెట్టాడు. నారింజ తొక్క టీ. తొక్కలు పొద్దున్నుంచీ కుతకుతా ఉడుకుతూనే ఉన్నాయి.

పెద్దాయన గ్లాసెత్తాడు. అంగడి నిండా జనం చెవులు రిక్కించారు.

ఈసారి ఆయన కళ్లు మూసుకోలేదు. పెద్దవి చేశాడు.

"చేదు."

"ఏమంటివి?"

"చేదుగా ఉండాదప్పా!" ఇంకో గుక్క తాగాడు. "అబ్బ, ఏం చేదు! గొంతు దాకా చేదే!" నవ్వుతున్నాడు. కళ్లలో నీళ్లు. "ఇంగొక గ్లాసు పొయ్యి సామీ!"

జనం చేతుల్లోని గ్లాసులు ఒక్కొక్కటిగా బల్ల మీదికి దిగాయి.

శశికుమార్ ముఖం మాడిపోయింది.

"ఎగతాళి చేస్తా ఉండావా? పక్కంగడోడు పంపినాడా నిన్ను?"

"కాదప్పా, నిజంగానే..."

"పో పెద్దాయనా. ఇంగ ఈ తట్టు రావద్దు."

పెద్దాయన గ్లాసు జాగ్రత్తగా పెట్టి వెళ్లిపోయాడు. పోతూ పోతూ కూడా పెదాలు చప్పరిస్తూనే ఉన్నాడు.

మరునాడు జనం వచ్చి అడిగారు. "పెద్దాయన యాడ? ఈ పొద్దు టీ ఎట్లుండాదంట?"

"బాగుండాది," అన్నాడు శశికుమార్.

"బాగుండాదంటే? దేని మాదిరి?"

శశికుమార్ గిన్నె మూత తీసి లోపలికి తొంగి చూశాడు.

"టీ మాదిరి."

జనం పలచబడ్డారు. వారం తిరక్కుండా ఈగలు కూడా పాత చోటికే పోయాయి.

ఖాళీ అంగట్లో కూర్చుని శశికుమార్ మొదటిసారి నారింజ తొక్క టీ కాచుకుని తాగాడు. తాగి ఉమ్మేశాడు. వేపచెట్టు గానీ తాగి ఉంటే, తానే తీపి అనుకునేది.

"సొన్నప్పా, పెద్దాయన నిజమే చెప్పినాడు. ఆయన్ని మళ్లా పిలుచుకొద్దాం. ఇల్లు యాడో తెలుసునా?"

"ఆండర్సన్‌పేటలో కూతురింట్లో ఉంటాడు. వాన పడిన దినం నేనే దించినా. ఎక్కు."

తలుపు తీసింది కూతురు ప్రేమ.

"మా నాయనా? మా ఊరికి, గౌనిపల్లికి పోయినాడన్నా. ఇంగ రాడు. పెండ్లిండ్ల కాలం ముగిసేదాకా వంటలు ఒప్పుకున్నాడు."

"వంటలా?"

"వంట చిన్నవెంకటప్ప అంటే ఆ తట్టు తెలీనోళ్లు లేరు. పోయినేడు జ్వరమొచ్చి నాలిక చచ్చిపాయ. ఉప్పూ చక్కెరా ఒకటే అయిపాయ. గరిటె పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చేసినాడు. మీ అంగట్లో రకరకాల టీలు పోస్తారంట గదా, ఏదో ఒకటి నాలిక్కి తగలకపోతుందా అని దినామూ వస్తాండె."

శశికుమార్ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "మరి ఆ బోను... ఆ కిటికీ..."

"ఏమీ తెలీలేదంటే టీ పోసినోడు నొచ్చుకుంటాడని, ఏదో ఒకటి కల్పించి చెప్తాండె. ఆ పొద్దు మాత్రం వీధి మొగదల్నించే అరిసినాడు, 'ప్రేమా, చేదు తెలిసిందే!' అని. చారులో వేలు ముంచి నాకి, ఉప్పు తెలిసిందని ఏడ్చినాడు. మీకు చెప్పి రమ్మంటే, 'వద్దులేమ్మా, నా నోట వచ్చిన మొదటి నిజానికే ఆ అప్ప నొచ్చుకున్నాడు' అన్నాడు."

శశికుమార్ తలొంచుకుని ఆటో దగ్గరికి నడిచాడు.

ఆటోలోంచి సొన్నప్ప తల బయటికి పెట్టాడు.

"అంటే శశీ, ఇన్నాళ్లూ నేను తాగిందంతా రుచి తెలీని ఆయన నాలికతోనా? పద, అల్లం కాడ్నించి మళ్లా పొయ్యి. నా కడుపు ఇంకా పైనే నిలబడుండాది!"